వెయ్యేళ్లుగా మారని సింహాసనమా?

బ్రిటన్ రాజకుటుంబం వార్తల్లోకి ఎక్కినప్పుడల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు చక్కర్లు కొడుతుంది. దాని సారాంశం: ‘ఇంగ్లండ్ సింహాసనం వెయ్యేళ్లుగా ఎడతెగకుండా తండ్రి నుంచి కొడుక్కి, ఒకే వంశంలో వస్తోంది. అచ్చమైన ఇంగ్లిష్ రక్తం. ఒక్క ఆచారమూ మారలేదు. సంప్రదాయాన్ని ఎలా కాపాడుకోవాలో వాళ్లను చూసి నేర్చుకోవాలి.’ ఇందులో ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం.

తండ్రి నుంచి కొడుక్కి. ఇప్పటి రాజు మూడో చార్లెస్ 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం సంతతివాడే. అంతవరకు ఒప్పుకోవాలి. కిరీటం మాత్రం అంత బుద్ధిగా చేతులు మారలేదు. 1399లో నాలుగో హెన్రీ తన పెదనాన్న కొడుకు రెండో రిచర్డ్‌ను దింపేసి గద్దెనెక్కాడు. 1485లో బాస్వర్త్ యుద్ధంలో మూడో రిచర్డ్ హతమయ్యాక రాజైన హెన్రీ ట్యూడర్‌కు ఉన్న హక్కు తల్లి వైపు నుంచి లాక్కొచ్చిన బాదరాయణ సంబంధం. 1701లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేసి క్యాథలిక్కులకు గద్దె దక్కకుండా చేసింది. దాని ప్రకారం 1714లో యాన్ రాణి చనిపోయాక, ఆమెకు ఇంకా దగ్గరి బంధువులైన యాభైమందికి పైగా క్యాథలిక్కులను పక్కనపెట్టి జర్మనీలోని హానోవర్ నుంచి జార్జ్‌ను పిలిపించారు. రాజును ఎంచింది రక్తం కాదు, పార్లమెంటు.

ఎడతెగకుండా. 1649 జనవరి 30న లండన్ వైట్‌హాల్‌లో మొదటి చార్లెస్ తల నరికారు. చలికి వణికితే భయమనుకుంటారని ఆయన ఆ పొద్దున రెండు చొక్కాలు వేసుకున్నాడు. ఆ తర్వాత పదకొండేళ్లు ఇంగ్లండ్‌కు రాజే లేడు. పట్టాభిషేకపు నగలను కరిగించేశారు, కొన్నిటిని అమ్మేశారు. ఇప్పుడు పట్టాభిషేకంలో రాజు తలమీద పెట్టే సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం 1661లో చేయించింది. నిజంగా పాతది కావాలంటే అభిషేక తైలం పోసే గరిటె ఉంది, పన్నెండో శతాబ్దానిది. అది కూడా అమ్మకానికి వచ్చినదే: రాజు కొలువులో పనిచేసిన ఒకాయన 16 షిల్లింగులకు కొనుక్కుని, రాజరికం తిరిగొచ్చాక అప్పజెప్పాడు.

అచ్చమైన ఇంగ్లిష్ రక్తం. విలియం మాట్లాడింది ఫ్రెంచి. హానోవర్ జార్జ్‌ది జర్మన్. విక్టోరియా భర్త ఆల్బర్ట్ కూడా జర్మనీ రాకుమారుడే. 1917లో జర్మన్ విమానాలు లండన్ మీద బాంబులు వేస్తుంటే, రాజుగారి ఇంటిపేరు సాక్స్-కోబర్గ్-గోథా. అయిదో జార్జ్ ఒక్క ప్రకటనతో దాన్ని విండ్సర్‌గా మార్చేశాడు. అది వాళ్ల కోట పేరు.

ఒక్క ఆచారమూ మారలేదు. అసలు తమాషా ఇక్కడుంది. 1838లో విక్టోరియా పట్టాభిషేకం చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఆర్చిబిషప్పు చిటికెనవేలికి చేయించిన ఉంగరాన్ని పక్క వేలికి బలవంతంగా ఎక్కించాడు. తర్వాత దాన్ని తీయడానికి ఆమె నానా తిప్పలూ పడింది. ఎనభై దాటిన ఒక ప్రభువు మెట్లమీద జారి దొర్లిపోయాడు. ఒక బిషప్పు ఒకేసారి రెండు పేజీలు తిప్పేసి తంతు అయిపోయిందన్నాడు. రాణిని మళ్లీ వెనక్కి పిలవాల్సి వచ్చింది. సరైన రిహార్సల్ కూడా లేదు మరి.

నావికులు శవపేటికను ఫిరంగి బండిమీద లాగడం 2022లో ఎలిజబెత్ అంత్యక్రియల్లో మనమంతా టీవీలో చూశాం. దాని పుట్టుక 1901లో, విక్టోరియా అంత్యక్రియల రోజున. విండ్సర్‌లో బండికి కట్టిన గుర్రాలు చలికి బెదిరి పగ్గం తెంచాయి. గత్యంతరం లేక అక్కడున్న నావికులు తాళ్లు పట్టుకున్నారు. ఆ రోజు తప్పనిసరై చేసిన పని తర్వాత ఆనవాయితీ అయింది. రాజు పార్థివదేహాన్ని వెస్ట్‌మినిస్టర్ హాల్‌లో ప్రజల దర్శనానికి ఉంచడం 1910లో ఏడో ఎడ్వర్డ్‌తో మొదలు. సింహాసన వారసుడైన వేల్స్ యువరాజుకు కెర్నార్వన్ కోటలో జరిపే వేడుక 1911లో అప్పటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ చొరవతో తయారైంది.

వాళ్లను చూసి నేర్చుకోవాలి. సరే, నేర్చుకుందాం. తమ్ముడు పుడితే అక్క వెనక్కి పోవాలన్న వారసత్వ నియమాన్ని 2013లో చట్టం చేసి ఎత్తేశారు. అందుకే 2018లో యువరాజు విలియంకు కొడుకు లూయీ పుట్టినా, అతని అక్క షార్లెట్ వరస మారలేదు.