సవరణ: వింటేజ్ నంబరుంటే రోజూ తిప్పుకోవచ్చా?

పాత కారు కొనేముందు చూసుకోవాల్సిన వాటి గురించి పోయినసారి పెట్టిన పోస్టులో "50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే చాలు, ఇక టెన్షన్ లేదు" అని ఉంది. ఆ వాక్యం బదులు ఇది చదువుకోండి.

2021 కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్ (అడుగు చట్రం), బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పుల్లేని బండికే వీఏ అక్షరాల నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో ఆఫీసుకో, కూరగాయలకో వెళ్లడం కుదరదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు, మరమ్మతు, అంతవరకే. రోజూ నడపాలంటే మామూలు ఆర్సీ రెన్యువల్ అయి ఉండాలి. పెట్రోలు ఇంజిన్ తీసేసి డీజిల్‌ది బిగించిన అంబాసిడర్‌ను "వింటేజ్ సార్" అంటూ అంటగట్టేవాళ్లుంటారు, జాగ్రత్త.

బాడీ తుప్పును పుట్టీతో పూడ్చి రంగేశారేమో అయస్కాంతంతో చూసుకోవచ్చు, ఆ సంగతి కూడా కాస్త వివరంగా. బానెట్ మీద పెట్టి చూసి లాభం లేదు. పల్చటి గుడ్డ చుట్టి తలుపుల కింది అంచుల్లో, చక్రాల పైవంపుల్లో పెట్టండి. అంటుకోకపోతే రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. అంబాసిడర్‌కు విడి ఛాసిస్ ఉండదు, బరువంతా బాడీయే మోస్తుంది. కాబట్టి మ్యాట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో అడుగు రేకును నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతే బేరం అక్కడే ఆపేయండి.