సర్వసమాన త్రిభుజాల ‘ట్రిక్కులు’: ఇక పంపడం ఆపండి

విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా ఏ అపార్ట్‌మెంటు గ్రూపు తెరిచినా అదే మెసేజి: “సర్వసమానత్వం – 5 ట్రిక్కులు, మీ పిల్లలకు చూపించండి.” సర్వసమానమంటే ఆకారమూ, కొలతలూ అచ్చం ఒకటే కావడం, ఒకదాని మీద ఒకటి పెడితే సరిగ్గా సరిపోవడం. మంచి మనసుతోనే పంపుతున్నారు, కాదనను. పంపేముందు ఒక్కరైనా స్కేలు, వృత్తలేఖిని పట్టుకుని చూశారా?

మొదటి ట్రిక్కు: “వైశాల్యం సమానమైతే సర్వసమానమే.” 5, 5, 6 సెం.మీ. భుజాలతో ఒక త్రిభుజం, 5, 5, 8 సెం.మీ.తో ఇంకొకటి గీయండి. రెండింటి వైశాల్యమూ 12 చ.సెం.మీ.యే. కత్తిరించి ఒకదాని మీద ఒకటి పెట్టండి, ఎలా కూర్చుంటాయో చూద్దాం.

రెండోది, “తిరగేసిన బొమ్మ సర్వసమానం కాదు” అట. కాగితం బోర్లా తిప్పితే భుజాలు పొడుగైపోతాయి కాబోలు!

పిల్లల మార్కులకు అసలు గండం మూడోది: “రెండు భుజాలు, ఏదో ఒక కోణం సమానమైతే చాలు.” ఒక కిరణం గీయండి. దాని తొలిబిందువు దగ్గర 60° కోణం పెట్టి, ఆ కోణపు గీత మీద 8 సెం.మీ. దూరంలో చుక్క పెట్టండి. ఆ చుక్కలో వృత్తలేఖిని ముల్లు గుచ్చి 7 సెం.మీ. వ్యాసార్థంతో చాపం గీయండి. అది కిరణాన్ని రెండుచోట్ల కోస్తుంది: తొలిబిందువు నుంచి 3 సెం.మీ. దగ్గర ఒకసారి, 5 సెం.మీ. దగ్గర ఇంకోసారి. 8, 7, 60° రెండు త్రిభుజాలకూ ఉన్నాయి. మూడో భుజం మాత్రం ఒకదానికి 3, ఇంకోదానికి 5. ఇవి సర్వసమానమా స్వామీ?

అదే చాపం 8 సెం.మీ.తోనో, అంతకన్నా ఎక్కువతోనో గీస్తే ఒక్క త్రిభుజమే వస్తుంది. సుమారు 6.93 కన్నా తగ్గిస్తే కిరణాన్ని అందుకోనే అందుకోదు. అందుకే ఒక లెక్కలో కుదిరిన ట్రిక్కు పక్క లెక్కలో ముంచుతుంది. కోణం ఆ రెండు భుజాల మధ్యదైతేనే భు.కో.భు. (భుజం-కోణం-భుజం) నియమం. కోణం 90° అయి, భుజాల్లో ఒకటి కర్ణమైతే (లంబకోణానికి ఎదురు భుజమైతే) లం.క.భు. (లంబకోణం-కర్ణం-భుజం). ఈ రెండూ కాకపోయినా “భు.కో.భు. ప్రకారం” అని రాసేస్తే, ఆ మెట్టు మీద కట్టిన నిరూపణంతా కూలిపోతుంది.

నాలుగోది: “నాలుగు భుజాలూ సమానమైతే చతుర్భుజాలు సర్వసమానం.” ఆటోనగర్‌లో గేట్లు చేసేవాళ్ళని అడగండి. 4 అడుగుల పైపులు రెండు, 3 అడుగులవి రెండు కలిపి ట్యాక్ (మూలల్లో చిన్న వెల్డింగు చుక్కలు) వేశాక, మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పెట్టి చూస్తారు. రెండూ 5 అడుగులు రావాలి. ఒకటి పెరిగి ఇంకోటి తగ్గిందంటే ఫ్రేము ఒరిగినట్టే, పైపులేమీ సాగకుండానే. భుజాలన్నీ సమానమైతే చాలనే భు.భు.భు. (భుజం-భుజం-భుజం) నియమం త్రిభుజం సొత్తు.

ఐదోది, “ట్రేసింగ్ కాగితం మీద దించి రెండో బొమ్మ మీద పెట్టండి.” ఇది ముమ్మాటికీ నిజం! నియమాలు బట్టీ పట్టించే కన్నా ముందు చేయించాల్సిన పని ఇదే. భు.కో.భు.కి ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ చేసిందీ ఇలా ఒకదాని మీద ఒకటి పెట్టడమే. అది నిరూపణగా నిలవదని 1899లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ భు.కో.భు.ని స్వీకృతాల్లో (నిరూపణ లేకుండా ఒప్పుకునే వాటిలో) చేర్చుకున్నాడు, అది వేరే గొడవ. కాకపోతే ప్రశ్నపత్రంలో బొమ్మ కొలతకు గీసింది కాదు. దాని మీద ట్రేసింగ్ కాగితం పెట్టకుండా, భుజాల మీది చిన్న అడ్డగీతలు చూడమనండి: ఒక గీత ఉన్నది ఒక గీత ఉన్నదానితో, రెండున్నది రెండున్నదానితో సమానం.