కల్పనా చావ్లా కథ చాలు, ఇక ఆ నివేదిక చదవండి

ఏటా ఫిబ్రవరి 1 వచ్చిందంటే మనకు కల్పనా చావ్లా గుర్తొస్తారు. కర్నాల్‌లో పుట్టడం, విమానాల మీద ఇష్టం పెంచుకోవడం, పట్టుబట్టి అమెరికా వెళ్లడం, వ్యోమగామి కావడం, చివరికి కొలంబియా షటిల్ (అంతరిక్ష నౌక)తో పాటే కాలిపోవడం... ఈ కథ మన పిల్లలకు కంఠోపాఠం. వ్యాసరచన పోటీల్లో రాస్తారు. హాస్టల్ బ్లాకులకు ఆమె పేరు పెట్టుకున్నాం. 2002 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి పంపిన మెట్‌శాట్ ఉపగ్రహానికి కూడా ఆమె పోయాక కల్పన-1 అని పేరు మార్చారు. అంతా బాగానే ఉంది. కానీ ఆమె ఎందుకు చనిపోయారని ఎవరినైనా అడిగి చూడండి. "షటిల్ పేలిపోయింది" అంటారు. కాస్త చదువుకున్నవాళ్లయితే "ఫోమ్ ముక్కేదో తగిలిందట" అంటారు. అంతకుమించి ఎవరూ ముందుకు వెళ్లరు.

నన్నడిగితే అసలు చదవాల్సింది అక్కడి నుంచే. అంతరిక్ష యాత్రల మీద ఆత్మకథలకు, సాహసగాథలకు కొదవ లేదు. వాటన్నిటినీ పక్కన పెట్టించే రచన ఒకటుంది, దాన్ని రాసింది రచయితలు కాదు. కొలంబియా ప్రమాదంపై రిటైర్డ్ అడ్మిరల్ హెరాల్డ్ గేమన్ అధ్యక్షతన 13 మంది సభ్యుల బోర్డు 2003 ఆగస్టు 26న విడుదల చేసిన విచారణ నివేదిక, మొదటి సంపుటం. దాదాపు 250 పేజీలు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రభుత్వ నివేదిక అనగానే ఆవలింతలు వచ్చేవాళ్లు నేరుగా ఆరో అధ్యాయం తెరవండి. ఆ రాత్రికి నిద్ర పట్టదు.

జరిగింది టూకీగా ఇదీ. 2003 జనవరి 16న కొలంబియా ఎగిరిన 82 సెకన్లకు, బయటి ఇంధన ట్యాంకు మీది ఫోమ్ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. బరువు కిలో కూడా లేదు. చూడ్డానికి థర్మాకోల్ లాంటిదే, కానీ తగిలిన వేగం గంటకు 800 కిలోమీటర్లు. ఫిబ్రవరి 1న కిందికి దిగుతుండగా వేడి వాయువులు రెక్కలోకి చొరబడి నౌక ముక్కలైంది ఆ దెబ్బ వల్లే. ఎగిరిన మర్నాడే ఇంజనీర్లు వీడియోలో ఆ దెబ్బను చూశారు. అంటే షటిల్ పైన ఉన్న 16 రోజుల్లో 15 రోజుల పాటు కింద ఉన్నవాళ్లకు దెబ్బ తగిలిన సంగతి తెలుసు. తెలిసీ ఏం చేశారన్నదే ఆరో అధ్యాయం.

దెబ్బ ఎంత పెద్దదో తెలియాలంటే రెక్కను చూడాలి. రక్షణ శాఖ దగ్గరున్న ఉపగ్రహాలతోనో, నేల మీది శక్తిమంతమైన కెమెరాలతోనో ఫొటోలు తీయించాలని ఇంజనీర్లు అడిగారు. ఒకసారి కాదు, మూడు వేర్వేరు దారుల్లో మూడుసార్లు. ఏదీ ముందుకు కదల్లేదు. ఒక అభ్యర్థన దాదాపు పని మొదలయ్యేదాకా వెళ్లి ఆగిపోయింది. యాత్ర యాజమాన్య బృందం పెద్దలు "ఇది ఎవరి అవసరం? అధికారికంగా అడిగింది ఎవరు?" అని వాకబు చేశారు. పద్ధతి ప్రకారం అడిగినవాళ్లు ఎవరూ కనబడలేదు. అవసరం లేదని తేల్చి రద్దు చేయించారు. అడిగినవాళ్లు నాసాలోనే ఉన్నారు. వాళ్లు అడిగిన దారి సరైనది కాదంతే. మన సెక్రటేరియట్‌లో "త్రూ ప్రాపర్ ఛానల్" అంటూ ఫైలు తిప్పి పంపడం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

ఇక్కడే నివేదిక ఒక మాట పట్టుకుంటుంది. నా దృష్టిలో 250 పేజీల సారం అదే. అంతరిక్ష నౌకను నడిపే సంస్థ తన ఇంజనీర్లను "ఇది సురక్షితమని నిరూపించండి" అని అడగాలి. నాసా ఆ పదహారు రోజుల్లో దాన్ని తలకిందులు చేసింది. "ప్రమాదకరమని నిరూపించండి, అప్పుడు చూద్దాం" అంది. నిరూపించాలంటే ఫొటో కావాలి. ఫొటో కావాలంటే ముందు ప్రమాదం ఉందని నిరూపించాలి. ఆ గిరగిర తిరుగుడులోనే రోజులు అయిపోయాయి.

రాడ్నీ రోషా అనే ఇంజనీరు ఉదంతం చూడండి. ఫొటోలు తీయించకూడదన్న నిర్ణయం తెలిసి ఆయన ఒక ఈమెయిల్ రాశాడు. ఈ నిర్ణయం తప్పని, బాధ్యతారాహిత్యం అంచుల్లో ఉందని అందులో సూటిగా రాశాడు. భద్రంగా లేదనిపిస్తే నోరు విప్పండని నాసా అంతటా అంటించిన పోస్టర్లను గుర్తుచేస్తూ, పరిస్థితి అంత తీవ్రంగానే ఉందన్నాడు. రాసి, ప్రింటు తీసి, పక్కనున్న సహోద్యోగికి చూపించాడు. పంపలేదు. పైవాళ్లను దాటుకుని వెళ్లకూడదన్న జంకు. ఆ ఈమెయిల్ పూర్తి పాఠం నివేదికలో అచ్చయి ఉంది. ఎంత పెద్ద నవలాకారుడైనా ఇలాంటి పేజీ కల్పించలేడు. నోరు విప్పమని గోడల నిండా పోస్టర్లు అంటించిన సంస్థలో, పోస్టర్ పేరు చెప్పి రాసిన ఉత్తరమే బయటికి రాలేదు.

తర్వాత ఆ స్లైడు. ఫోమ్ తగిలితే ఏమవుతుందో లెక్కగట్టిన బోయింగ్ ఇంజనీర్లు పవర్‌పాయింట్‌లో ప్రజెంటేషన్ ఇచ్చారు. స్లైడు శీర్షిక చదివితే భయం లేదన్న భావన కలుగుతుంది. కిందికి దిగుతూ పోతే, అక్షరాలు చిన్నవవుతూ పోతే, అట్టడుగున అసలు సంగతి ఉంది. తాము పోల్చి చూసిన ప్రయోగాల్లో వాడిన ఫోమ్ ముక్క 3 ఘనపు అంగుళాలు. కొలంబియాకు తగిలిన ముక్క అంచనా 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు! ఈ ఒక్క అంకె పెద్దక్షరాల్లో పైన ఉండి ఉంటే గదిలో ఎవరో ఒకరు లేచి నిలబడేవారేమో. విచారణ బోర్డు ఈ స్లైడును ముక్కముక్కలుగా విప్పి చూపింది. ఇంజనీరింగ్ పత్రాలు రాయడం మానేసి పవర్‌పాయింట్‌తో సరిపెట్టుకునే అలవాటునే తప్పుపట్టింది. సాగునీటి ప్రాజెక్టుల మీద అసెంబ్లీలోనే పవర్‌పాయింట్ ప్రజెంటేషన్లు చూసిన మనం ఈ పేజీ దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగాలి.

ఇంత తొందర ఎందుకొచ్చిందో కూడా నివేదిక దాచలేదు. అంతరిక్ష కేంద్రానికి చెందిన ఒక కీలక భాగాన్ని 2004 ఫిబ్రవరి 19న పంపాలని నాసా గడువు పెట్టుకుంది. ఆ తేదీకి ఇంకా ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు ఉన్నాయో చూపే స్క్రీన్‌సేవర్‌ను మేనేజర్ల కంప్యూటర్లకు పంపారు. ఫోమ్ సమస్యను తీవ్రంగా తీసుకుంటే ప్రయోగాలు ఆపాలి, ఆపితే ఆ తేదీ జారిపోతుంది. కొలంబియా ఎగరడానికి మూడు నెలల ముందే, 2002 అక్టోబరులో, అట్లాంటిస్ అనే మరో షటిల్ నుంచి ఇలాగే ఫోమ్ ఊడి బూస్టర్ రాకెట్‌కు సొట్ట పెట్టింది. అయినా తర్వాతి ప్రయోగానికి పచ్చజెండా ఊపారు. నిజానికి 1981లో కొలంబియా మొట్టమొదటి ప్రయాణం నుంచీ ఫోమ్ రాలుతూనే ఉంది. రాలినా ప్రతిసారీ క్షేమంగా తిరిగొచ్చారు కాబట్టి, రాలడం మామూలైపోయింది.

మరి పైనున్న ఏడుగురికి చెప్పారా? చెప్పారు. జనవరి 23న కమాండర్ రిక్ హజ్బెండ్‌కు, పైలట్ విలియం మెకూల్‌కు ఈమెయిల్ వెళ్లింది. ఫోమ్ తగిలింది, నిపుణులు చూశారు, కంగారు లేదు, ఇలాంటివి ఇంతకుముందూ చూశాం అని. ఇంతకీ ఆ మెయిల్ ఎందుకు పంపారంటే, విలేకరులతో మాట్లాడే కార్యక్రమం ఉంది, ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే వాళ్లు ఉలిక్కిపడకూడదని!

తెలిసినా చేయగలిగింది ఏముందని అడగొచ్చు. ఆ రోజుల్లో నాసా పెద్దలు కూడా అదే అనుకున్నారు. బోర్డు అడిగిన మీదట నాసాయే తర్వాత లెక్కలు తీసింది. పనులు తగ్గించుకుని, గాలి పొదుపుగా వాడుకుంటే కొలంబియా సిబ్బంది ఫిబ్రవరి 15 దాకా బతకగలిగేవారు. మార్చి ప్రయోగానికి సిద్ధమవుతున్న అట్లాంటిస్‌ను రాత్రింబవళ్లు పనిచేసి ఫిబ్రవరి 10కల్లా పంపగలిగేవారు. కష్టసాధ్యమే, ప్రాణాలకు తెగించాల్సిన పనే, కానీ అసాధ్యం కాదు. అందుకు మొదటి వారంలోనే రెక్కను చూసి ఉండాలి. అలా చేజారిన అవకాశాలు ఎనిమిదని బోర్డు లెక్క తేల్చింది.

ఆ తర్వాత కూడా నాసాలో చాలామంది ఫోమ్‌కు అంత బలం ఉందంటే నమ్మలేదు. 2003 జులై 7న టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో బోర్డు ఒక పరీక్ష పెట్టింది. షటిల్ రెక్క అంచు ఫలకం మీదికి అదే బరువు, అదే వేగంతో ఫోమ్ ముక్కను గ్యాస్ తుపాకీతో పేల్చారు. దాదాపు 40 సెంటీమీటర్ల బొక్క పడింది. ఇరవై ఏళ్ల నమ్మకం అక్కడికక్కడే చిల్లుపడింది.

ఇంత నిర్దాక్షిణ్యంగా రాసిన నివేదికలో ఉరి తీయాల్సిన విలన్ ఒక్కడూ లేడు. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకుంది. సాక్షుల వాంగ్మూలాలు గోప్యంగా ఉంచుతామని బోర్డు మాటిచ్చింది, అందుకే వాళ్లు నోరు విప్పారు. ప్రమాదానికి ఫోమ్ ఎంత కారణమో నాసా సంస్థాగత సంస్కృతీ అంతే కారణమని తేల్చింది. 1986లో ఛాలెంజర్ షటిల్ పేలాక నేర్చుకున్నామన్న పాఠాలు నాసా నిజంగా నేర్చుకోలేదని ఒక అధ్యాయమంతా కేటాయించి చెప్పింది. ఒక ప్రభుత్వం తన గర్వకారణమైన సంస్థ పొట్ట విప్పి ప్రపంచం ముందు పెట్టింది. ఇలాంటి విచారణ మనుషులను కాపాడుతుంది కూడా. 1997లో కల్పన మొదటి యాత్రలో స్పార్టన్ అనే ఉపగ్రహం అదుపు తప్పితే వేళ్లన్నీ ఆమె వైపే లేచాయి. నెలల తరబడి విచారించి, లోపం సాఫ్ట్‌వేర్‌లో, నిర్దేశించిన పద్ధతుల్లో ఉందని తేల్చారు. ఆ విచారణే లేకపోతే ఆమె రెండోసారి ఎగిరేవారే కాదేమో.

ఇప్పుడు మన సంగతి. 1979 ఆగస్టులో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో పడితే అప్పటి ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ విలేకరుల ముందుకొచ్చి బాధ్యత నెత్తిన వేసుకున్నారని, ఏడాది తర్వాత గెలిచినప్పుడు కలాంను ముందుకు నెట్టారని ప్రతి మోటివేషన్ స్పీకరూ చెబుతాడు. ఆ రాకెట్ ఎందుకు పడిందో మాత్రం చెప్పడు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోక ఆమ్లం కారిపోయింది. మనకు ధావన్ ఔదార్యం కావాలి, వాల్వు అక్కర్లేదు.

2025 మే 18న ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో పీడనం పడిపోయి ఈవోఎస్-09 ఉపగ్రహాన్ని పోగొట్టుకున్నాం. కమిటీ వేశారు. 2026 జనవరి 12న అదే రకం రాకెట్ సీ62 ఎగిరేనాటికి కూడా ఆ కమిటీ నివేదిక జనం ముందుకు రాలేదు. సీ62 కూడా మూడో దశ దగ్గరే దారి తప్పింది. రెండింటికీ కారణం ఒకటేనని నేననడం లేదు. అవునో కాదో బయటివాళ్లు బేరీజు వేసుకునే వీలు లేకుండా చేశారంటున్నాను. 2022లో చిన్న ఉపగ్రహాల రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం విఫలమైతే, రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన ప్రకంపనలకు సెన్సర్లు గందరగోళపడ్డాయని ఇస్రో విడమరిచి చెప్పింది. నాలుగేళ్లు తిరక్కముందే ఆ అలవాటు అటకెక్కింది.

రాకెట్ టెక్నాలజీ, క్షిపణి టెక్నాలజీ అన్నదమ్ములు, అన్నీ బయటపెడితే శత్రువులు చదువుతారని కొందరంటారు. పైగా శాస్త్రవేత్తల మనోధైర్యం దెబ్బతింటుందంటారు. మొదటిది కొంత నిజం. కానీ కొలంబియా ఫొటోల వ్యవహారమంతా అమెరికా నిఘా ఉపగ్రహాలతో ముడిపడిందే. ఆ సామర్థ్యాల వివరాలు తీసేసి మిగతా కథంతా అచ్చువేశారు. మనోధైర్యమంటారా, 2025 జూన్‌లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా ఎక్కాల్సిన అమెరికా రాకెట్ ఫాల్కన్-9లో ద్రవ ఆక్సిజన్ లీకు కనిపిస్తే, సరిచేసి పరీక్షించాకే ఎగరనివ్వాలని గట్టిగా అడిగింది మన ఇస్రో బృందమే. ఎదుటివాళ్ల రాకెట్‌ను నిలదీయగల ధైర్యం ఉన్నవాళ్లు సొంత నివేదిక బయటపెడితే కుంగిపోతారా?

గగన్‌యాన్‌లో వెళ్లేది ఉపగ్రహాలు కాదు, మనుషులు. వాళ్లను మోసుకెళ్లేది పీఎస్‌ఎల్‌వీ కాదు, ఎల్‌వీఎం-3 అని నాకూ తెలుసు. కానీ రెండింటి వెనకా ఉన్నది ఒకే సంస్థ, అవే సమీక్ష కమిటీలు, అవే గడువులు. పార్లమెంటులో మన ఎంపీలు అడగాల్సిన ప్రశ్న చిన్నదే: మనుషులు ఎక్కే ముందు సీ61, సీ62 నివేదికలను, రహస్యమనుకున్న పేరాలు కొట్టేసైనా సరే, సభ ముందు పెడతారా, పెట్టరా? శ్రీహరికోటలోని షార్ ప్రయోగ కేంద్రం ఉన్నది తిరుపతి లోక్‌సభ నియోజకవర్గంలో కాబట్టి, మొదటి చెయ్యి అక్కడి నుంచి లేస్తే బాగుంటుంది. ఈలోగా మన ప్రచురణకర్తలెవరైనా కొలంబియా నివేదిక ఆరో అధ్యాయాన్ని తెలుగులో వేయొచ్చు. అమెరికా ప్రభుత్వ పత్రం కాబట్టి కాపీరైట్ బెడద లేదు, అనువాదకుడికి ఇచ్చుకుంటే చాలు.