ఇరవై గుంటల వానప్రస్థం

పూర్వం వానప్రస్థానికి వెళ్లేవాళ్లు చేతులూపుకుంటూ అడవికి పోయేవారు. ఆ అడవి సర్వే నంబరెంత, పాసు పుస్తకం ఎవరి పేరున ఉంది, భూమి మీద తాకట్లేమైనా ఉన్నాయా అని చెప్పే ఈసీలో ఏముంది అని ఏ మునీ అడిగినట్టు పురాణాల్లో లేదు. ముఖ్యంగా, అప్పు తీర్చే బుద్ధికి మార్కులేసే సిబిల్ స్కోరు ఏ మునికీ లేదు. ఇప్పుడు పద్ధతి మారింది. అడవి ముందు, అప్పు ఆ వెనక, ఆశ్రమం ఎప్పుడో చివర్న. నేను రెండో ఏడాది కిస్తుల్లో ఉన్నాను కాబట్టి ఈ ఆశ్రమ ధర్మాన్ని తోటి గృహస్థులకు వివరించే అర్హత నాకుందని మనవి.

జనగామ దాటి హైవే దిగి లోపలికి పోతే ఒక చెలక, అంటే మెట్ట పొలం. ఇరవై గుంటలు. అంటే అర ఎకరం, 2,420 గజాలు. ఆంధ్రా వైపు చుట్టాలకు యాభై సెంట్లు అని చెప్పాలి. మూలన ఒక వేపచెట్టు. దాన్ని చూసి మా ఆవిడ, "ఏవండీ, మీరు రిటైరయ్యాక ఇక్కడ చిన్న ఇల్లు కట్టుకుని, ఈ చెట్టు కింద మంచం వేసుకుంటే చాలు" అంది. ఆ మాట మధ్యవర్తి చెవిన పడింది. అప్పటిదాకా గుంట లక్షా నలభై వేలు. ఆ నిమిషం నుంచి లక్షన్నర. నీడకు విడిగా 2 లక్షలు పడిందన్నమాట. మంచం ఖర్చు మళ్లీ మనదే.

మొత్తం 30 లక్షలు. చేతిలో ఉన్నవి 5. మిగతాది బ్యాంకు చూసుకుంటుందనే ధైర్యంతో బ్యాంకుకు వెళ్లాను.

"హోం లోన్ తప్పకుండా ఇస్తాం సార్. హోం ఏది?" అన్నాడు ఆఫీసరు.

"కడతానండీ. ముందు భూమి కొనాలి."

"అది వ్యవసాయ భూమి సార్. నాలా కన్వర్షన్, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు చేయించి, ఇంటికి పర్మిషన్ తెచ్చుకోండి, ఇచ్చేస్తాం."

"కన్వర్షన్ కావాలంటే భూమి నా పేరు మీదికి రావాలి కదా?"

"రావాలి సార్."

"రావాలంటే డబ్బు కావాలి కదా?"

"అందుకే కదా సార్ లోన్ తీసుకోమంటున్నది" అని ఎంతో ప్రేమగా పక్క టేబుల్ చూపించాడు. అది పర్సనల్ లోన్ టేబుల్.

ఇందులో బ్యాంకును తప్పుపట్టడం అవివేకం. పొలం కొనడానికీ అప్పిచ్చే పథకాలున్నాయి, అవి చిన్న, సన్నకారు రైతులకు. రైతు కావాలంటే పొలం ఉండాలి. న్యాయమే. అప్పు అవసరం లేదని రుజువు చేసుకున్నవాడికే అప్పు పుడుతుందనే సూత్రం మీద దేశం ఇన్నాళ్లూ నిలబడింది, నా వేపచెట్టు కోసం దాన్ని కదిలించడం బాగుండదు.

పర్సనల్ లోన్ దరఖాస్తులో 'దేనికోసం' అనే గడి ఉంది. పెళ్లి, వైద్యం, ఇంటి మరమ్మతు, విహారయాత్ర. భూమి లేదు. లేని ఇంటికి మరమ్మతంటే మనసొప్పక విహారయాత్ర అని పెట్టాను. 15 లక్షల విహారయాత్ర, 12 శాతం వడ్డీ, 60 నెలలు, నెలకు 33,367 రూపాయలు. తరవాత ఆలోచిస్తే అదేమంత అబద్ధం కాదనిపించింది. నెలకోసారి కారేసుకుని వెళ్లి, చూసి, వస్తున్నాం. ఇంటి అప్పు వడ్డీకైతే పాత పన్ను విధానంలో 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. విహారయాత్రికుడికి ఆ భాగ్యం లేదు.

తక్కినవి సంప్రదాయ మార్గాలు. మా ఆవిడ నగలు మా లాకర్లోంచి బ్యాంకు లాకర్లోకి ఇల్లు మారాయి, 3 లక్షలు. భద్రతలో ఏ తేడా లేదని నేను చెబితే ఆమె నావైపు చూసిన చూపుకు వడ్డీ లెక్క కట్టలేదు. 10 లక్షల చీటీ రెండో నెలలోనే 7 లక్షలకు పాడుకున్నాను. చీటీ పాటలో గెలవడమంటే అందరికంటే ఎక్కువ నష్టపోవడానికి ఒప్పుకోవడం. నేను ఘనంగా గెలిచాను. రిజిస్ట్రేషన్‌కు, కంచెకు, మధ్యవర్తి కమీషన్‌కు మరో 2 లక్షలు తెలిసిన పెద్దమనిషి దగ్గర, రెండు రూపాయల వడ్డీకి. రెండు రూపాయలంటే వినడానికి ఎంత ముచ్చటగా ఉంటుంది! ఏడాదికి 24 శాతం అని ఎవరైనా అంటే వాళ్లకు లోకజ్ఞానం లేదని అర్థం.

డాలస్‌లో ఉన్న మా బామ్మర్ది, "బావా, నాకూ పక్కనే ఎకరం చూడు" అన్నాడు. పాపం, ఫెమా చట్టం ప్రకారం ఎన్నారైలు వ్యవసాయ భూమి గానీ ఫామ్‌హౌస్ గానీ కొనడానికి లేదు. సలహాలివ్వడానికి మాత్రం ఏ నిషేధమూ లేదు. వారానికి రెండుసార్లు ఇస్తున్నాడు, "డ్రాగన్ ఫ్రూట్ వెయ్ బావా" అని.

నేను కొన్నప్పుడు ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ పేరు ధరణి. 2025లో భూభారతి వచ్చింది. అప్పులు మాత్రం పాత పేర్లతోనే ఉన్నాయి.

పాసు పుస్తకం రాగానే నేను రైతునయ్యాను. ప్రభుత్వ పెట్టుబడి సాయం రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు, అంటే నా వంతు 6 వేలు. నా కిస్తులన్నీ కలిపి నెలకు దాదాపు 60 వేలు కాబట్టి, ప్రభుత్వం నన్ను ఏడాదిలో మూడు రోజులపాటు ఆదుకుంటోంది. ఆ చెలకలో పత్తి పెట్టింది మాత్రం ఊళ్లోని ఒక కౌలు రైతు. దున్నేది ఆయన, పురుగుమందు కొట్టేది ఆయన, భరోసా పడేది నా ఖాతాలో. ఈ విషయం ఆయన ముందు ఎత్తకుండా, వానల గురించి మాట్లాడుతుంటాను.

ఇక ఇల్లెప్పుడు కడతారని అడుగుతారు. కట్టాలంటే పల్లెకు పోవాలి. పోవాలంటే ఉద్యోగం మానాలి. మానితే నెలకు 60 వేలు ఎవరు కడతారు? ప్రశాంతత కోసం అప్పు చేశాను కాబట్టి, అప్పు తీరేదాకా ప్రశాంతత జోలికి పోకూడదు. మొన్న మేనేజరు శనివారాలు కూడా రమ్మంటే, సరే సార్ అన్నవాళ్లలో నేనే మొదటివాణ్ణి.

భూమి అమ్మిన పెద్దాయన సంగతి చెప్పలేదు కదూ. నేనిచ్చిన 30 లక్షల్లోంచి 12 లక్షలు మార్జిన్ మనీగా, అంటే కొనేవాడి సొంత వాటాగా కట్టి, ఉప్పల్‌లో కొడుకుకు 60 లక్షల ఫ్లాటు కొన్నాడు. మిగతా 48 లక్షలు బ్యాంకే పిలిచి ఇచ్చింది. అక్కడ హోం ఉంది మరి. ఇప్పుడాయన నాలుగో అంతస్తులో, మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉంటాడు. లిఫ్ట్ అంటే భయమట. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. "సారూ, యాపచెట్టు మంచిగున్నదా? ఈసారి పోయేటప్పుడు నన్ను గూడ తోల్కపోరాదు" అన్నాడు పోయిన నెల.

తీసుకెళ్లాను. దారంతా మాట్లాడలేదు. దిగగానే చెట్టు దగ్గరికి నడిచి, భుజం మీది తువ్వాలు కింద పరుచుకుని పడుకున్నాడు. రెండు నిమిషాల్లో గురక. ఆ రోజు ఐదో తారీఖు, చెట్టు కింద సిగ్నల్ లేదు. కిస్తు కట్టడానికి ఫోన్ పైకెత్తి పట్టుకుని, ఎండలో గట్టు మీద నడుస్తూ రోడ్డు దాకా వచ్చేశాను.