ఐడియాల నోటుపుస్తకం గారికి ఒక నవలాకారుని విన్నపం

మహారాజశ్రీ నోటుపుస్తకం గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నేను క్షేమమే గాని, నా నవల నాలుగేళ్లుగా రెండో చిత్తుప్రతి దగ్గర మంచం పట్టి ఉన్నది. ఈ నాలుగేళ్లలోనే తమరు ఒకటి నాలుగై, అల్మారా పై అర మొత్తం ఆక్రమించినందుకు అభినందనలు.

1977 దివిసీమ ఉప్పెన నేపథ్యంగా రాసిన 312 పేజీలను దిద్దుదామని మొన్న తెల్లవారుజామునే కూర్చున్నాను. మూడో అధ్యాయంలో పెద్దకర్మ కూడా జరిగిపోయిన మేనత్త, పదకొండో అధ్యాయంలో, సరిగ్గా ఉప్పెన వచ్చిన నవంబరు 19న, పెరట్లో కత్తిపీట ముందేసుకుని ఆవకాయకు మామిడికాయలు తరుగుతూ కనిపించింది. ఆవిడను బతికించుకుందామంటే పెద్దకర్మ ఎత్తివేయాలి. అది ఎత్తివేస్తే ఆ భోజనాల దగ్గర రాజుకున్న పొలం తగాదా పోతుంది. తగాదా పోతే ఇక కథే లేదు. పోనీ, పోయిన మనిషిని పోయినట్టే ఉంచుదామంటే ఆ కాయలు ఎవరు తరగాలి? అసలు కార్తీకమాసంలో ఆవకాయ ఏమిటి? ఎర్ర పెన్ను మూత తీశానో లేదో, బల్ల మీద తమరు కనబడ్డారు. నిద్రలో కూడా టికెట్లు కొట్టే బస్సు కండక్టరు ఒకడు అప్పటికప్పుడు నా మనసులో ప్రత్యక్షమయ్యాడు. వాడి ఊరు, సంసారం, అప్పులు తమలో నమోదు చేసేసరికి మధ్యాహ్నం భోజనానికి పిలుపు వచ్చింది. మేనత్త జోలికి మళ్లీ పోలేదు.

ఇంతగా మేపినందుకు తమరు తిరిగి ఇచ్చినదేమిటో చూద్దామని ఆ సాయంత్రం పాత సంపుటం తిరగేశాను. ఒకచోట "ఉప్పు బస్తా, వంతెన, తమ్ముడు నవ్వాడు" అని ఉన్నది. కింద మూడు గీతలు, పక్కన "చాలా ముఖ్యం" అన్న హెచ్చరిక. దస్తూరీ నాదే. భావం మాత్రం ఆ తమ్ముడికే తెలియాలి.

నవల ఎంతవరకు వచ్చిందని అడిగిన వారికి ఒక జవాబు సిద్ధంగా ఉంచుకున్నాను. గురజాడ అప్పారావు గారు 1897లో అచ్చయిన 'కన్యాశుల్కా'న్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాసి 1909లో మళ్లీ వెలువరించారని, అంటే పన్నెండేళ్లు పట్టిందని, గొంతు సవరించుకుని చెబుతుంటాను. ఈమధ్య అదే మాట ఇంట్లో కూడా అన్నాను. మా ఆవిడ పప్పు వడ్డిస్తూ, "ఆయనది మొదటిసారి కూడా అచ్చయిందిగా?" అన్నది. మంచి సంభాషణ ఎక్కడ వినబడినా తమలో ఎక్కించే నేను, ఎందుకో ఆ ఒక్క వాక్యాన్ని ఎక్కించలేదు.

కావున, తమరు దయతలచి ఒక్క నెల రోజులు బీరువాలో విశ్రాంతి తీసుకోవలసిందిగా కోరుచున్నాను. తాళంచెవి మా ఆవిడ దగ్గర ఉంటుంది. ఈ విన్నపాన్ని సైతం తమ చివరి పేజీలోనే రాస్తున్నందుకు మన్నించగలరు. ఇంట్లో తెల్లకాగితం లేక కాదు, అలవాటు కొద్దీ.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక నవలాకారుడు

తా.క.: పెద్దకర్మ అయిపోయిన మేనత్త పెరట్లో మామిడికాయలు తరుగుతూ కనబడటం మరో నవలకు మంచి ఎత్తుగడ కాగలదని ఇప్పుడే తోచింది. 47వ పేజీలో రాసిపెట్టాను, చూడగలరు.