‘రిజర్వేషన్ డాక్టరు’ మెసేజీకి నా జవాబు

కౌన్సెలింగ్ సీజన్ వచ్చిందంటే చాలు, మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ మెసేజీ దిగుతుంది. “కోటాలో సీటొచ్చిన డాక్టరుతో గుండె ఆపరేషన్ చేయించుకుంటారా? అంబేడ్కర్ పదేళ్లే అన్నాడు. అందరికీ ఒకటే పేపరు కదా, ఇంకా రిజర్వేషన్లెందుకు?” ఈసారి పంపింది మూడో అంతస్తు సారు. మంచాయన, అందుకే ఇంత ఓపిగ్గా రాస్తున్నా.

పదేళ్ల సంగతి ముందు తేల్చేద్దాం. ఆ గడువు రాజ్యాంగం 334వ అధికరణలోది, లోక్‌సభ, అసెంబ్లీ సీట్లకు పెట్టింది. పొడిగించుకుంటూ 2030 దాకా వచ్చారు. కాలేజీ సీట్లకు ఆధారం 1951లో మొదటి సవరణతో చేర్చిన 15(4) అధికరణ. దానికి గడువే లేదు.

ఇక డాక్టరు. కోటా పనిచేసేది గేటు దగ్గరే. లోపలికెళ్లాక ఎంబీబీఎస్ పరీక్షల్లో కులానికో పాస్ మార్కు ఉండదు. మెరిట్ మీద అంత బెంగే ఉంటే మన ప్రైవేటు మెడికల్ కాలేజీల లెక్క చూడండి: వందలో 50 కన్వీనర్ సీట్లు (కౌన్సెలింగ్‌లో ర్యాంకు, కోటా చూసి ఇచ్చేవి), 35 బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా), 15 ఎన్నారై. ఆ చివరి పదిహేను దగ్గర పోటీ ర్యాంకులకన్నా పర్సుల మధ్యే ఎక్కువ. 2023లో సీట్లు మిగిలిపోతున్నాయని స్పెషలిస్టు డాక్టర్ల కోర్సులకు పెట్టే నీట్ పీజీ కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించారు, అంటే పరీక్ష రాసినవాళ్లంతా అర్హులే, ఓసీలతో సహా అందరికీ. ఆ వారం గ్రూపులో గుడ్ మార్నింగులు తప్ప ఏమీ రాలేదు! 2019 నుంచి ఓసీ పేదలకు 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటా ఉంది. ఆ డాక్టరు మీద జోకు కూడా ఇంతవరకూ నా కంటపడలేదు.

“మరి కలెక్టరు కొడుక్కీనా?” అని సారు విడిగా అడిగారు. న్యాయమైన ప్రశ్నే. బీసీలకు క్రీమీలేయర్ (బాగా ఉన్నవాళ్లను కోటా నుంచి తప్పించే నిబంధన) ఎలాగూ ఉంది. ఎస్సీ, ఎస్టీలకూ ఉండాలని 2024 ఆగస్టు సుప్రీంకోర్టు తీర్పులో ఏడుగురు జడ్జీల్లో నలుగురు అన్నారు. దాని మీద వాదించుకుందాం, నేనూ వస్తా. కానీ అది కోటాను సరిచేసే మాట, ఎత్తేసే మాట కాదు.

ఒకటే పేపరు, నిజమే. మావాడికి రెండేళ్ల రెసిడెన్షియల్ ఫీజు, ఆపైన షార్ట్ టర్మ్ కోచింగ్ నేనే కట్టా. మా వాచ్‌మన్ కూతురూ ఈ ఏడు ఎప్‌సెట్ రాసింది. వాళ్లది సెల్లార్‌లో గది, గోడకవతల జనరేటర్. మార్చిలో ఓ రాత్రి కరెంటు పోతే, ఆ మోతకు బయటికొచ్చి లిఫ్టు ముందు మెట్ల మీద ఫిజిక్స్ లెక్కలు చేసుకుంటోంది. సారూ, గుర్తుందా, మనిద్దరం వస్తుంటే పుస్తకాలు పక్కకు లాక్కుని దారిచ్చింది.