ఇండికేటరు వెలగకపోతే తప్పు ఫ్లాషరుదేనా?

వారం రోజుల్లో ఒకే వాట్సాప్ సందేశం నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. "పాత బైకు ఇండికేటర్లు పనిచేయకపోతే మెకానిక్‌కు డబ్బు తగలేయకండి" అని మొదలవుతుంది. ఫ్లాషరు (ఇండికేటర్లను మిణికించే చిన్న డబ్బా) మార్చండి, ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ఇంకా పెద్దది వేయండి, బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెడితే ఇక వైరింగ్ సమస్యే ఉండదు, అప్పటికీ కుదరకపోతే వైరింగ్ మొత్తం మార్పించండి అంటుంది. డబ్బు మిగులుస్తానని బయలుదేరి చివరికి బండి వైరింగంతా కొనిపించే సలహా ఇది.

ముందు ఫ్లాషరు సంగతి. కొత్తపట్నంలో ఉండే మా బాబాయి ఈ సందేశం నమ్మి, తన పాత స్ప్లెండర్ కోసం ఒంగోలు వచ్చి ఫ్లాషరు కొనుక్కెళ్లారు. ఆయన బండిలో కుడివైపు రెండూ చక్కగా మిణుకుతున్నాయి. ఎడమవైపు వెనకది అసలు వెలగదు, ముందుది తీరు తప్పి కొట్టుకుంటోంది. రెండు వైపులకూ ఉన్నది ఒకే ఫ్లాషరు. కుడివైపు బాగున్నప్పుడు ఎడమవైపు కోసం దాన్ని మార్చడమంటే, వంటింట్లో బల్బు వెలగలేదని ఇంటి కరెంటు మీటరు పీకేయడమే.

పాత రకం ఫ్లాషరులో వేడికి వంగే రేకు ఉంటుంది. రెండు పది వాట్ల బల్బులు కలిసి లాగే సుమారు 1.7 ఆంపియర్లకు తగ్గట్టు దాన్ని తయారు చేస్తారు. ఒక బల్బు పోతే రేకు చాలినంత వేడెక్కదు. రెండో బల్బు ఆరకుండా అలాగే వెలుగుతూ ఉండిపోతుంది, లేదా బద్ధకంగా మిణుకుతుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్లలో చాలావాటికి ఎదురు స్వభావం, హడావిడిగా కొట్టుకుంటాయి. ఎలా చూసినా అది ఫ్లాషరు చెడిపోయిన గుర్తు కాదు, ఆ వైపు ఒక బల్బుకు కరెంటు అందడం లేదని ఫ్లాషరు చెబుతున్న కబురు.

బాబాయి అప్పటికే మల్టీమీటరు పెట్టి చూశారు. "పన్నెండు వోల్టులూ ఇక్కడిదాకా వస్తున్నాయి కదరా, మరి బల్బుకు ఏమొచ్చింది?" అన్నారు. మీటరుకు కావలసిన కరెంటు పిసరంత. ఒక్క పోగు మిగిలిన వైరు కూడా దానికి పన్నెండు వోల్టులు చూపించగలదు, బల్బును మాత్రం వెలిగించలేదు. అందుకే నేను పాత బల్బుకు రెండు వైర్లు అతికించిన టెస్ట్ ల్యాంపునే నమ్ముతాను. దాని ఒక కొనను బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొనను సాకెట్ అంచుకు తాకించాను. గుడ్డిగా వెలిగింది. అదే కొనను ఛాసిస్‌కు, అంటే బండి ఇనప చట్రానికి, తాకిస్తే ధగధగలాడింది. అంటే పోయింది ఎర్త్, కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. సాకెట్ నిండా పచ్చటి చిలుము, ఆకుపచ్చ ఎర్త్ వైరు బిగించిన చోటా అదే. ఉప్పుగాలి చేసిన పనికి ఉప్పుకాగితమే మందు. పది నిమిషాలు గీకితే ఎడమవైపు రెండూ జతగా మిణికాయి. కొత్త ఫ్లాషరు సొరుగులో ఉంది, దుకాణం వాళ్లు ఎలక్ట్రికల్ సామాను వెనక్కి తీసుకోరు.

ఫ్లాషరు పోదని కాదు. నాలుగూ ఆరిపోయి, హారను గట్టిగా మోగుతుంటే అప్పుడు దాన్ని అనుమానించండి. దాని రెండు వైర్లనూ కలిపి స్విచ్ ఒక పక్కకు వేస్తే బల్బులు మిణకకుండా వెలిగాయా, ఫ్లాషరు పోయినట్టే. హారను కూడా నీరసంగా ఉంటే బ్యాటరీ చూడండి. "హెడ్‌లైటు బాగానే ఉంది కదా" అనకండి. ఈ పాత బండ్లలో చాలావాటికి హెడ్‌లైటు కరెంటు నేరుగా మ్యాగ్నెటో నుంచి, అంటే ఇంజిను తిరుగుతుంటే కరెంటు పుట్టించే భాగం నుంచి వస్తుంది, బ్యాటరీ చచ్చినా వెలుగుతుంది.

పెద్ద ఫ్యూజు సలహా మాత్రం నాకు ఒళ్లు మండించింది. చాలాసార్లు ఎక్కడో వైరు తొడుగు ఒరిసిపోయి ఛాసిస్‌కు తగులుతోంది కనుకే ఫ్యూజు పోతుంది. పెద్దది వేస్తే ఈసారి కాలేది వైరు. ఆ వైర్ల కట్ట వెళ్లేది పెట్రోలు ట్యాంకు కింద నుంచి! ఫ్యూజు స్థానంలో టెస్ట్ ల్యాంపు తగిలించి, హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. ల్యాంపు ఎక్కడ భగ్గున వెలుగుతుందో అక్కడ వెతకండి. ఎక్కువగా హెడ్‌లైటు వెనక, మెడ వంపులోనే దొరుకుతుంది.

ఎల్‌ఈడీలు పెడితే సమస్య పోదు, కొత్తది వస్తుంది. అవి లాగే కరెంటు పాత ఫ్లాషరుకు చాలదు. పైగా స్పీడోమీటరు దగ్గర ఇండికేటరు గుర్తు ఒక్కటే ఉన్న బండ్లలో, ఆ చిన్న బల్బు కుడి, ఎడమ వైర్ల మధ్య వంతెనలా ఉంటుంది. దాని గుండా వెళ్లే కాస్త కరెంటే అవతలి ఎల్‌ఈడీలకు సరిపోతుంది, నాలుగూ ఒకేసారి మిణుకుతాయి. చీమకుర్తి నుంచి గ్రానైటు బండలతో వస్తున్న లారీ డ్రైవరు దాన్ని చూసి మీరు ఎటు తిరుగుతున్నారనుకోవాలి?

ఇక వైరింగ్ మొత్తం మార్చడం. కొన్ని బండ్లకు తప్పదు. తేల్చుకోవడానికి అనుమానమున్న చోట అంగుళం తొడుగు ఒలిచి చూడండి. రాగి నల్లబడిందా, ఇంకాస్త వెనక్కి ఒలవండి. ఎంత వెనక్కి వెళ్లినా నలుపే ఉంటేనే మొత్తం మార్చే మాట. బాబాయి బండిలో సాకెట్‌కు రెండంగుళాల అవతలే రాగి ఎర్రగా మెరిసింది. నల్లబడిన ముక్క కత్తిరించి, కొత్త ముక్క అతికి, టేపు చుట్టి వదిలేశాను.